వెరిఫైడ్ అని ఉంటే చాలదు, డబ్బు జమైందో లేదో చూడాలి

ఆన్‌లైన్‌లో పని వెతుక్కునే పిల్లలు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే: "అక్కా, క్లయింట్ వివరాల్లో పేమెంట్ మెథడ్ నాట్ వెరిఫైడ్ అని ఉంది. ప్రపోజల్ (పని నాకివ్వమని పెట్టే దరఖాస్తు) పెట్టాలా, వదిలేయాలా?"

నేను ఒంగోలు మంగమూరు రోడ్డులో ఇంట్లోనే కూర్చుని అమెరికాలోని గ్రానైట్ షాపులకు కిచెన్ కౌంటర్‌టాప్ డ్రాయింగులు గీస్తాను. అంతకుముందు చీమకుర్తిలో ఒక గ్రానైట్ ఫ్యాక్టరీ ఆఫీసులో ఎక్స్‌పోర్ట్ కాగితాలు చూసేదాన్ని. కొనేవాడు టీటీ (బ్యాంకు ద్వారా విదేశీ బదిలీ) కాపీ మెయిల్‌లో పంపినంత మాత్రాన మా మేనేజర్ కంటైనర్‌ను గేటు దాటనిచ్చేవారు కాదు. డబ్బు జమైందని బ్యాంకు నుంచి క్రెడిట్ అడ్వైజ్ వచ్చాకే లోడింగ్. ఫ్రీలాన్స్ పనికీ నేను అదే పద్ధతి పెట్టుకున్నాను.

అప్‌వర్క్ అనే ఫ్రీలాన్స్ పనుల సైట్‌లో పేమెంట్ వెరిఫైడ్ అంటే ఆ క్లయింట్ ఒక కార్డో, బ్యాంకు ఖాతానో, పేపాల్ అనే ఆన్‌లైన్ చెల్లింపు ఖాతానో జత చేశాడని, సైట్ దాన్ని ఒప్పుకుందని. అంతే. ఆ కార్డులో డబ్బుందనీ కాదు, మనిషి మంచివాడనీ కాదు. అట్లాగే వెరిఫై కాలేదంటే మోసగాడని కూడా కాదు. కొత్తగా వచ్చిన షాపు యజమాని ముందు మనుషులను చూసుకుని, కుదిరాక కార్డు పెడతాడు. నాకు చాలాకాలంగా పని ఇస్తున్న షాపుల్లో అట్లా మొదలైనవీ ఉన్నాయి. కాబట్టి ఆ గుర్తొక్కటే చూసి వదిలేయొద్దు. ఎప్పుడు చేరాడు, ఇంతవరకు ఎంత ఖర్చు పెట్టాడు, పెట్టిన జాబుల్లో ఎన్నింటికి మనిషిని తీసుకున్నాడు, పాతవాళ్లు ఏం రాశారు అన్నవి చూడండి. వాటికన్నా ముందు జాబ్ వివరణ చదవండి. నిజంగా పని ఉన్నవాడు పని గురించి రాస్తాడు. మూడు సెంటీమీటర్ల రాయి, అండర్‌మౌంట్ సింకు, సీమ్ ఎక్కడ పడాలి, బ్యాక్‌స్ప్లాష్ ఎంత ఎత్తు అని రాసినవాడికి వంటగది ఉందని నాకు అర్థమవుతుంది. "సులువైన పని, మంచి డబ్బు, టెలిగ్రామ్‌లోకి రండి" అని రాసినవాడి దగ్గర పనే ఉండదు.

వెరిఫై కాని క్లయింట్‌తో మాట కలిశాక ఇట్లా రాస్తాను (మైల్‌స్టోన్ అంటే విడిగా డబ్బు కట్టే పనిలో ఒక భాగం): "మీ స్కెచ్ చూశాను. సింకు మోడల్ నంబరు పంపితే గురువారానికి డ్రాయింగ్ ఇవ్వగలను. మైల్‌స్టోన్‌కు డబ్బు జమైనట్టు నాకు కనిపించగానే మొదలుపెడతాను." ఇందులో అనుమానం లేదు, బతిమాలడమూ లేదు. పని సంగతి ముందు, డబ్బు సంగతి దాని వెంటే. నిజంగా పని కావాల్సినవాడు ఈ మాటకు నొచ్చుకోడు. "ముందు మొదలుపెట్టండి, కార్డు సంగతి తర్వాత చూద్దాం" అంటే, కార్డు కుదిరిన రోజే మొదలుపెడతానని చెప్పండి. అర్జెంటు అన్నా సరే.

ఫిక్స్‌డ్ ప్రైస్ పనిలో, అంటే పని మొత్తానికి ఒక రేటు మాట్లాడుకున్నప్పుడు, కాంట్రాక్ట్ పేజీ తెరిచి ఎస్క్రోలో (క్లయింట్ కట్టిన డబ్బును సైట్ మధ్యలో పట్టి ఉంచే ఖాతాలో) డబ్బు ఉందా లేదా చూడటం మీ పని. ఆఫర్ ఒప్పుకున్నాక కూడా కార్డు ఫెయిల్ కావచ్చు. మైల్‌స్టోన్ ఫండ్ అయినట్టు కనిపించేదాకా ఒక గీత కూడా గీయకండి. పెద్ద పనైతే మొదటి మైల్‌స్టోన్ చిన్నది పెట్టించండి. నేను వంటగది ఐలండ్ ఒక్కదానికి ముందు పెట్టించి, అది సాఫీగా జరిగాక మిగతావి తీసుకుంటాను.

ఇక్కడే చాలామంది పిల్లలు గమనించని సంగతి ఒకటుంది. పని అయిపోగానే ఫైలు చాట్‌లో పంపేసి కూర్చుంటారు. సబ్మిట్ వర్క్ ఫర్ పేమెంట్ అన్న బటన్ నొక్కి అక్కడి నుంచి పంపితేనే క్లయింట్‌కు 14 రోజుల గడువు మొదలవుతుంది. ఆ గడువులో అతను మార్పులు అడగకుండా, డబ్బు విడుదల చేయకుండా ఊరుకుంటే ఎస్క్రోలోని డబ్బు దానంతట అదే విడుదలవుతుంది. చాట్‌లో పంపిన ఫైలుకు ఈ లెక్క వర్తించదు. అట్లా మొదలుకాని గడువు కోసం నెలల తరబడి ఎదురుచూసినవాళ్లు నాకు తెలుసు.

గంటల లెక్క పనికి సైట్ ఇచ్చే పేమెంట్ రక్షణ కావాలంటే క్లయింట్ బిల్లింగ్ పద్ధతి వెరిఫై అయి ఉండాలి, మీరు సైట్ డెస్క్‌టాప్ యాప్ ఆన్ చేసి పనిచేయాలి, ఏం చేస్తున్నారో మెమో రాయాలి, వారానికి క్లయింట్ పెట్టిన గంటల పరిమితి దాటకూడదు. చేత్తో ఎక్కించిన గంటలకు ఆ రక్షణ లేదు. కరెంటు పోయి ల్యాప్‌టాప్ ఆగినా, తర్వాత గుర్తుపెట్టుకుని గంటలు ఎక్కించొద్దు. వారం ముగిసేది గ్రీన్‌విచ్ కాలం ప్రకారం ఆదివారం అర్ధరాత్రి, అంటే మనకు సోమవారం తెల్లవారుజామున 5:30. ఆ తర్వాత శుక్రవారం దాకా క్లయింట్ పరిశీలన, మళ్లీ బుధవారానికి డబ్బు చేతికొస్తుంది. కాబట్టి మంగళవారం నాడు డబ్బు రాలేదని కంగారు పడొద్దు.

పని మధ్యలో క్లయింట్ కార్డు ఫెయిలై కాంట్రాక్ట్ ఆగిపోయినట్టు మెసేజ్ వస్తే, వెంటనే పని ఆపి మర్యాదగా చెప్పండి. కారణం చాలాసార్లు మామూలుదే: కార్డు గడువు తీరి ఉంటుంది, బిల్లింగ్ అడ్రస్ బ్యాంకులో ఉన్నదానితో కలవదు, లేదా బ్యాంకే అనుమానంతో ఆపి ఉంటుంది. మన దేశపు క్లయింట్ అయితే ఇంకొకటి కూడా. రిజర్వ్ బ్యాంకు నియమం వల్ల 2020 అక్టోబరు నుంచి కొత్త కార్డులు విదేశీ లావాదేవీలకు ఆఫ్‌లోనే వస్తాయి. బ్యాంకు యాప్‌లో ఇంటర్నేషనల్ అన్న మీట ఆన్ చేసుకోవాలి. హైదరాబాదు క్లయింట్ ఒకాయన ఆ మాట చెప్పగానే అప్పటికప్పుడే సరిచేసుకున్నారు. "మీ కార్డు పనిచేయడం లేదు" అని చెప్పేకంటే "ఇది ఒకసారి చూడండి" అని దారి చూపిస్తే సంబంధం చెడదు. ఆ సాకుతో డబ్బు బయట పంపిస్తానంటే మాత్రం ఒప్పుకోకండి. అప్‌వర్క్‌లో పరిచయమైన క్లయింట్‌తో 2 ఏళ్ల దాకా బయట డబ్బు తీసుకోవడం నియమాలకు విరుద్ధం, మీ ఖాతానే పోతుంది.

ఇప్పుడు దొంగ మెయిళ్లు. ఒకటి దగ్గరగా చూద్దాం. పైన పేపాల్ లోగో, కింద మీ పేరు, "మీకు 450 డాలర్లు వచ్చాయి, హోల్డ్‌లో ఉన్నాయి, ఖాతాను బిజినెస్‌గా మార్చడానికి 50 డాలర్లు కడితే విడుదలవుతాయి" అని ఉంటుంది. పంపినవారి పేరు మీద వేలు పెట్టి అడ్రస్ తెరవండి. జీమెయిలో, మరేదో ఊరూపేరూ లేని అడ్రసో బయటపడుతుంది. అడ్రస్ అసలుదే అయినా నమ్మకండి, ఎందుకంటే పేపాల్ నుంచే మీ పేరున ఇన్‌వాయిస్ పంపి కట్టించుకునేవాళ్లూ ఉన్నారు. మెయిల్‌లోని లింకు నొక్కకుండా యాప్ మీరే తెరిచి లావాదేవీల జాబితా చూడండి. అక్కడ లేని డబ్బు ఎక్కడా లేదు. మనకు రావాల్సిన డబ్బు కోసం మనం ముందు కట్టాల్సింది ఏ సైట్‌లోనూ ఉండదు. వెరిఫికేషన్ డిపాజిట్ అన్నా, ట్యాక్స్ అన్నా, ట్రైనింగ్ ఫీజు అన్నా అదంతా ఒకటే మోసం. ఇంకో సంగతి, 2021 ఏప్రిల్ 1 నుంచి పేపాల్ మన దేశంలో లోపలి చెల్లింపులు ఆపేసింది. బెంగళూరు నుంచి పేపాల్‌లో వేశాను అని ఎవరైనా అంటే అది మోసమని అక్కడికక్కడే తెలిసిపోవాలి.

సైట్ లేకుండా నేరుగా వచ్చే విదేశీ క్లయింట్ల దగ్గర సగం అడ్వాన్స్ తీసుకోండి. మిగతా సగం వచ్చేదాకా వాటర్‌మార్క్ వేసిన పీడీఎఫ్ ఇవ్వండి, అసలు క్యాడ్ ఫైలు మీ దగ్గరే ఉంచుకోండి. వైర్ (బ్యాంకు బదిలీ) పంపాను అంటే స్క్రీన్‌షాట్ కాదు, ఆ బదిలీని గుర్తించే యూఈటీఆర్ నంబరు అడగండి. గీతలతో కలిపి 36 అక్షరాలుంటుంది. దాన్ని పట్టుకుని బ్యాంకులో అడిగితే డబ్బు ఏ బ్యాంకు దగ్గర ఆగిందో చెప్పగలరు. మన ఊళ్ల చిన్న బ్రాంచీల్లో ఈ పని అందరికీ తెలియదు. విదేశీ మారకం చూసే బ్రాంచి ఏదో కనుక్కుని అక్కడ అడగండి. చాలాసార్లు డబ్బు వచ్చే ఉంటుంది, పర్పస్ కోడ్ (డబ్బు దేనికి వచ్చిందో చెప్పే కోడ్), ఇన్‌వాయిస్ కోసం బ్యాంకు పంపిన మెయిల్ స్పామ్‌లో పడి ఉంటుంది.

క్లయింట్ వైపు అంతా సరిగ్గా ఉండి మన వైపు ఆగిపోయే కేసులు మన జిల్లాల్లో ఎక్కువ. కారణం ఇంటిపేరు. పాన్ దరఖాస్తులో పొడి అక్షరాలు ఒప్పుకోరు, ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది. చదువుకునేటప్పుడు తెరిచిన బ్యాంకు ఖాతాలో మాత్రం ముందు ఒక్క అక్షరమే ఉంటుంది. ఆడపిల్లలకైతే పాన్‌లో పుట్టింటి ఇంటిపేరు, బ్యాంకులో అత్తింటిది. ఈ రెండూ కలవక పేపాల్, పేయోనీర్ వంటి చెల్లింపు సేవలు ఖాతాను ఆపేస్తాయి. మొదటి ప్రపోజల్ పెట్టకముందే పాన్, ఆధార్, పాస్‌బుక్ మూడూ బల్ల మీద పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చూడండి. తేడా ఉంటే పాన్, ఆధార్ జిరాక్సులు పట్టుకుని బ్రాంచికి వెళ్లి కేవైసీలో పేరు మార్పించుకోండి. డబ్బు ఆగాక పరుగెత్తే బాధ తప్పుతుంది.

మన దేశపు క్లయింట్ నుంచి 10 శాతం తక్కువ వస్తే గొడవకు ముందు ఆదాయపు పన్ను సైట్‌లో మీ పాన్ కింద చూడండి, టీడీఎస్ (ముందుగానే పట్టుకునే పన్ను) కోసి ఉండొచ్చు. అసలే ఇవ్వకపోతే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాలకు ప్రభుత్వ నమోదు) ఉన్నవాళ్లకు దారి ఉంది. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం చిన్న సంస్థలకు 45 రోజులకు మించి బాకీ పెట్టకూడదు. కేంద్ర ఎంఎస్ఎంఈ శాఖ పోర్టల్‌లో ఫిర్యాదు చేయొచ్చు. ఉద్యమ్‌కు రూపాయి కట్టనక్కర్లేదు. పనులు మొదలుపెట్టే ముందే చేసి పెట్టుకోండి.

నెల్లూరు వేదాయపాలెంలో లోగోలు చేసే నా స్నేహితురాలికి ఒకడు అడ్వాన్స్ వేస్తానని క్యూఆర్ కోడ్ పంపి, స్కాన్ చేసి పిన్ కొట్టమన్నాడు. తను కొట్టలేదు, నంబరు బ్లాక్ చేసింది. డబ్బు తీసుకోవడానికి యూపీఐ పిన్ ఎప్పుడూ అక్కర్లేదు. ఒకవేళ ఎవరి డబ్బైనా పోతే సిగ్గుపడి దాచుకోవద్దు. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఎంత త్వరగా చేస్తే అవతలి ఖాతాలో డబ్బు ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ. లావాదేవీ నంబరు, సమయం, చాట్ స్క్రీన్‌షాట్లు దగ్గర పెట్టుకుని చేయండి. తర్వాత జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పూర్తి చేసి, ఆ నంబరు రాసుకోండి. మీ బ్యాంకుకు కూడా అదే రోజు రాతపూర్వకంగా ఇవ్వండి.