రాగి పూత ప్రయోగానికి తాళంచెవి వద్దు

వరంగల్, హనుమకొండ బడుల సైన్స్ ఫెయిర్లలో మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) నీళ్లలో ఇనుప తాళంచెవి ముంచి, బ్యాటరీతో రాగి పూత చూపించే పిల్లలకో మాట. ఇనుముకు రాగి కన్నా చర్యాశీలత (రసాయన చర్యలో పాల్గొనే గుణం) ఎక్కువ, కాబట్టి బ్యాటరీ లేకపోయినా దాని మీద రాగి పేరుకుంటుంది. పరీక్షించే మాస్టారు వైరు పీకి చూస్తే అంతే సంగతులు! తాళంచెవికి బదులు రెండు కొసలూ చెక్కిన పెన్సిల్‌ను రుణధ్రువానికి, రాగి తీగను ధనధ్రువానికి కలిపి ఆ నీళ్లలో ముంచండి. రెండు టార్చి సెల్లులు చాలు. కాసేపటికి నల్లటి గ్రాఫైటు మొన ఎర్రబడుతుంది. కరెంటు తీస్తే పూత ఆగిపోతుంది.

రాగిని శుద్ధి చేసేదీ ఇలాగే: ఆనోడ్‌గా (ధనధ్రువం వైపు) మలిన రాగి, కాథోడ్‌గా (రుణధ్రువం వైపు) పలుచటి శుద్ధ రాగి రేకు. ఆనోడ్ కింద చేరే మడ్డిలో వెండి, బంగారం ఉంటాయని చెప్పండి, చూసేవాళ్ల చెవులు నిక్కబొడుచుకుంటాయి.

మైలుతుత్తం పురుగుమందుల దుకాణంలో అడగండి. విషం, వంటగిన్నెలో కలపవద్దు. మిగిలిన నీళ్లు చెరువులో పోయవద్దు, చేపలు చస్తాయి.