చేర్చుకున్నాక ‘నీకు అర్హత లేదు’ అంటే: నెల్లూరు, ప్రకాశం విద్యార్థులు చేయాల్సింది

సీటిచ్చి, ఫీజు కట్టించుకుని, రెండు సెమిస్టర్లు రాయించాక ‘మీ అర్హత మీద యూనివర్సిటీ అభ్యంతరం పెట్టింది’ అని కాలేజీ కబురు పెడితే ఇంట్లో ఎవరికీ కాళ్లూ చేతులూ ఆడవు. సరిగ్గా ఆ కంగారులోనే కేసు చెడుతుంది. ‘నా ఇష్టపూర్వకంగా అడ్మిషన్ రద్దు చేసుకుంటున్నాను’ అని ఆఫీసులో టైపు చేసి ఉంచిన కాగితం మీద తండ్రీ బిడ్డా సంతకాలు పెట్టి, టీసీ పట్టుకుని ఇంటికొచ్చేస్తారు. ఆ తర్వాత యూనివర్సిటీ తీసేసిందని చెప్పుకోవడానికి ఏమీ మిగలదు. అందుకే ఎవరు ఎంత తొందరపెట్టినా ఆ సంతకం చేయకండి. టీసీ అడగకండి. క్లాసులకు వెళ్తూనే ఉండండి, పరీక్ష ఫీజు గడువులోపే కట్టండి.

అభ్యంతరం ఇంత ఆలస్యంగా ఎందుకొస్తుందో ముందు తెలుసుకోవాలి. కాలేజీ చేర్చుకున్నవాళ్ల జాబితాను యూనివర్సిటీ తర్వాత పరిశీలించి ఆమోదిస్తుంది. దాన్నే ర్యాటిఫికేషన్ అంటారు. ఆ ఫైలు నెలల తరబడి నడుస్తుంది. మీ పేరు ఎదురుగా ఒక గుమస్తా రాసిన ‘నాట్ ఎలిజిబుల్’ అనే రెండు మాటలే మీదాకా వస్తాయి. అవి నోటిమాటగా వస్తే లెక్కలోకి తీసుకోకండి. లేఖ నంబరు, తేదీ, ఏ నిబంధన కింద అభ్యంతరమో రాసివ్వమని కాలేజీని కాగితం మీదే అడగండి.

ఏ యూనివర్సిటీకి రాయాలన్నది జిల్లాను బట్టి తేల్చుకోకండి. నెల్లూరు వైపు కాలేజీలకు కాకుటూరులోని విక్రమ సింహపురి, ఒంగోలు వైపు ఆంధ్ర కేసరి అని స్థూలంగా అనుకుంటాం. కానీ ఆంధ్ర కేసరి రాకముందు ప్రకాశం కాలేజీలు ఆచార్య నాగార్జున కింద ఉండేవి. 2022లో జిల్లాల సరిహద్దులు మారినంత మాత్రాన అఫిలియేషన్లు, అంటే ఏ కాలేజీ ఏ యూనివర్సిటీ కింద ఉందన్న అనుబంధాలు, మారిపోలేదు. మీ హాల్ టికెట్ మీద ఏ పేరుంటే ఆ రిజిస్ట్రారుకే రాయాలి.

ఇక అసలు సంగతి. వాదనకు దిగేముందు మీకు నిజంగా అర్హత ఉందో లేదో మీరే లెక్క తేల్చుకోండి. మీరు చేరిన ఏడాది నోటిఫికేషన్, ప్రాస్పెక్టస్ తీయండి. ఈ ఏడాదివి పనికిరావు. ఎక్కువ తికమక శాతాల దగ్గరే వస్తుంది. ఉదాహరణకు ఇంజనీరింగ్‌లో చేరడానికి ఇంటర్‌లో ఓసీలకు 45, రిజర్వుడు వర్గాలకు 40 శాతం కావాలి. ఆ శాతం మొత్తం మార్కుల మీద కాదు, గ్రూపు సబ్జెక్టులన్నీ కలిపి. పాత పద్ధతి ఎంపీసీ మెమోలో మొత్తం 1000, అందులో లెక్కలు 300, ఫిజిక్స్ 150, కెమిస్ట్రీ 150, అంటే గ్రూపు 600. భాషల్లో 160, గ్రూపులో 280 వచ్చిన ఓసీ విద్యార్థికి మొత్తం 440. మెమో అడుగున అంకె చూసినవాళ్లు 44 శాతమని కొట్టేస్తారు. గ్రూపులో కావాల్సింది 270, వచ్చింది 280. అంటే అర్హత ఉంది. ఈ లెక్కను ఒక తెల్లకాగితం మీద సబ్జెక్టుల వారీగా వేసి, నిబంధన వాక్యం కింద గీత గీసి జతచేస్తే గొడవ అక్కడితోనే తీరే అవకాశం ఉంది.

మిగతా అభ్యంతరాలు తెలిసినవే. ఓపెన్ స్కూల్ లేదా వేరే రాష్ట్ర బోర్డు అయితే ఆ చదువు ఇక్కడి ఇంటర్‌తో సమానమని చెప్పే ఈక్వివలెన్స్ కాగితం అడుగుతారు, ఒకేషనల్ ఇంటర్ అయితే బ్రిడ్జి కోర్సు మెమో అడుగుతారు. కుల ధ్రువపత్రం ఆలస్యంగా ఇచ్చారని ఓసీ లెక్కలో చూస్తారు. సప్లిమెంటరీలో పాసైనవాళ్లకు పాసైన తేదీని పట్టుకుని అభ్యంతరం పెడతారు. ఇవి చాలావరకు కాగితం తెచ్చి ఇస్తే సర్దుకునేవే.

లెక్క చూశాక నిజంగానే తక్కువ పడితే? అప్పుడు ప్రశ్న మారుతుంది. మీరు దాచారా, వాళ్లు చూసుకోలేదా? దరఖాస్తులో నిజం రాసి, అసలు మెమో ఇచ్చి ఉంటే మీ వైపు బలం ఉంది. శ్రీకృష్ణన్, కురుక్షేత్ర యూనివర్సిటీ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది ఇదే: దరఖాస్తును పరిశీలించాల్సిన బాధ్యత యూనివర్సిటీది, పరీక్ష రాయనిచ్చాక తాను చూసుకోని లోపాన్ని పట్టుకుని రద్దు చేయకూడదు. 1990లో సనాతన్ గౌడ, బరంపురం యూనివర్సిటీ కేసులో కూడా లా విద్యార్థికి ఇలాంటి ఊరటే దక్కింది. అయితే చట్టబద్ధమైన నిబంధనకు వ్యతిరేకంగా ‘చేర్చుకున్నారు కదా’ అనే వాదన నిలవదని 2010లో మహర్షి దయానంద్ యూనివర్సిటీ, సుర్జీత్ కౌర్ కేసులో అదే కోర్టు చెప్పింది. యూనివర్సిటీ మీద వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడం కుదరదని కూడా అదే తీర్పు. కాబట్టి ‘చేర్చుకున్నారు కదా’ అనే వాదన మీదే భారం వేయకండి, అర్హత ఉందని చూపే లెక్క దొరుకుతుందేమో ఆఖరి వరకూ వెతకండి. మార్కులు దిద్దిన మెమో ఇచ్చి ఉంటే మాత్రం ఏ తీర్పూ కాపాడదు.

రిజిస్ట్రారుకు రాసే అర్జీ ఒక పేజీ దాటనక్కర్లేదు:

‘తేదీ ... నాటి మీ లేఖ నం. ... అందింది. నేను దరఖాస్తుతో పాటు మార్కుల మెమో జతచేశాను, ఏ విషయమూ దాచలేదు. ఒరిజినల్స్ పరిశీలించాకే కళాశాల నాకు ప్రవేశం ఇచ్చింది. ఏ నిబంధన కింద అర్హత లేదంటున్నారో దాని ప్రతి ఇప్పించగలరు. నా వాదన వినకుండా ప్రవేశం రద్దు చేయవద్దనీ, ఫలితం నిలిపి ఉంచి అయినా ఈ సెమిస్టరు పరీక్షలు రాయనివ్వమనీ ప్రార్థన.’

చివరి వాక్యం తప్పనిసరి. ఎందుకంటే అర్హత గొడవ ఏడాది తర్వాత తేలినా నష్టం లేదు, పరీక్ష తేదీ దాటితే తిరిగి రాదు. అర్జీ తపాల్ సెక్షన్లో ఇచ్చి, మీ కాపీ మీద ముద్ర, ఇన్‌వార్డ్ నంబరు వేయించుకోండి. ఒక ప్రతి ప్రిన్సిపాల్‌కు ఇవ్వండి. ఒరిజినల్స్ మాత్రం ఎవరికీ ఇవ్వకండి, జిరాక్సులు చాలు.

పక్కనే రెండు పనులు నడపండి. పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టి, మీ ర్యాటిఫికేషన్ ఫైలులోని నోట్ షీట్ల (అధికారులు తమ అభిప్రాయాలు రాసే పేజీల) నకళ్లు అడగండి. 30 రోజుల్లో ఇవ్వాలి. అలాగే యూజీసీ 2023 నిబంధనల ప్రకారం ఉండాల్సిన విద్యార్థి ఫిర్యాదుల పరిష్కార కమిటీకి రాయండి. ఆ కమిటీ సాధ్యమైనంతవరకు 15 పనిదినాల్లో నివేదిక ఇవ్వాలి. నిర్ణయం నచ్చకపోతే అది అందిన 15 రోజుల్లోపు అంబుడ్స్‌పర్సన్‌కు, అంటే ఇలాంటి అప్పీళ్లు వినే అధికారికి, అప్పీలు చేయాలి, ఆయన 30 రోజుల్లో తేల్చాలి. సోమవారం కలెక్టరేట్ అర్జీ పెట్టినా తప్పులేదు గానీ, అర్హతను తేల్చే అధికారం కలెక్టరుకు లేదు. అర్జీని యూనివర్సిటీకే పంపుతారు.

పరీక్షలు దగ్గర పడి జవాబు రాకపోతే అమరావతి హైకోర్టులో రిట్ వేయాలి. యూనివర్సిటీనీ, కాలేజీనీ ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చి, పరీక్ష రాయడానికి మధ్యంతర ఉత్తర్వు కోరాలి. హాల్ టికెట్లు ఇచ్చాక పరుగెత్తితే ఆలస్యం ఎందుకైందని అడుగుతారు. ఖర్చుకు వెనకాడే పనిలేదు. ఆడపిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చేయండి. మధ్యంతర ఉత్తర్వుతో రాసిన పరీక్ష తుది హక్కు కాదని మాత్రం మరిచిపోవద్దు. చివరకు తీర్పు ఎదురు తిరిగినా సర్టిఫికెట్లు ఆపే హక్కు కాలేజీకి లేదు. అవి ఇవ్వకపోయినా, తిరిగి రావాల్సిన ఫీజు ఆపినా, అదే ఫిర్యాదుల కమిటీకి మరో అర్జీ పెట్టండి.