ఎండుతున్న కొండ ఊటను మళ్లీ పారించడం ఎలా?

పాడేరు, అరకు వైపు కొండ ఊళ్లలో ఎండాకాలం ఊట సన్నబడగానే గడ్డపార తెచ్చి దాని నోరు పెద్దది చేస్తుంటారు. అలా చేస్తే రాతి పగుళ్లు కదిలి, ఉన్న ధార కూడా పక్కకు తప్పుకుంటుంది. పనంతా పైన, వాన ఇంకే వాలులో ఉంటుంది.

ముందు కొలవండి. ధార కింద 10 లీటర్ల బకెట్ పెట్టి, నిండడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూడండి. 50 సెకన్లయితే నిమిషానికి 12 లీటర్లు, రోజుకు 17,280. మూడుసార్లు కొలిచి సగటు రాసుకోండి. ఇలా నెలనెలా రాయాలి. ఏప్రిల్, మే లెక్కలు మాత్రం తప్పిపోకూడదు. ఈ పుస్తకం లేకపోతే మూడేళ్ల తర్వాత నీళ్లు పెరిగాయా లేదా అన్నది రచ్చబండ వాదనే.

తర్వాత, వాన ఎక్కడ ఇంకుతోందో తేల్చాలి. కష్టమంతా ఇక్కడే. రాతి పొరలు, పగుళ్లు ఎటు వాలితే నీళ్లు అటు నడుస్తాయి కాబట్టి ఆ చోటు కొండ అవతల కూడా ఉండొచ్చు. రాళ్ల గురించి చదువుకున్న మనిషిని, పశువులు కాసే పెద్దలను కలిపి కొండ తిప్పండి. ఏ బండ కింద మే నెలలోనూ చెమ్మ ఉంటుందో కాపరులకు తెలుసు. చోటు తేలాక గ్రామసభలో మేత, పోడు సంగతి మాట్లాడుకోండి. అటవీ భూమైతే అటవీశాఖ అనుమతి కావాలి.

వాలు 30 శాతం (అడ్డంగా 100 మీటర్లకు 30 మీటర్ల ఎత్తు) లోపున్న చోటే కందకాలు తవ్వండి: 2 మీటర్ల పొడవు, 60 సెంటీమీటర్ల వెడల్పు, 50 లోతు. ఒక్కోటి నిండితే 600 లీటర్లు. పై వరుస ఖాళీల కింద కింది వరుస కందకాలు రావాలి. కందకం వాలుకు అడ్డంగా, ఒకే మట్టంలో సాగాలి. ఆ మట్టం కోసం మూడు వెదురు బద్దలను ఇంగ్లిష్ 'A' అక్షరం ఆకారంలో కట్టి, కొస నుంచి దారంతో రాయి వేలాడదీయండి. దారం అడ్డబద్దను తాకినచోట గీత పెట్టి, కాళ్లు తారుమారు చేసి మళ్లీ గీయండి. ఆ రెండింటి నడిమధ్యే అసలు మట్టం. మట్టం తప్పిన కందకంలో నీళ్లు ఒక మూలకు చేరి, గట్టు తెంచుకుని కొండను కోసేస్తాయి. నిటారు వాలుల్లో తవ్వొద్దు, గడ్డి పెంచితే చాలు. ఏటా తొలకరికి ముందు పూడిక తీయాలి. సన్నటి ఒండ్రు పేరుకుంటే అడుగు మూసుకుపోయి నీళ్లు ఇంకవు.

ఊట దగ్గర తొట్టి కడితే, పొర్లు గొట్టాన్ని (తొట్టి నిండాక నీళ్లు బయటికి పోయేది) నీళ్లు ఊరే మట్టం కంటే కిందే పెట్టండి. పైన పెడితే తొట్టిలో నీటి బరువు ఊటను వెనక్కి తోస్తుంది. పొర్లే నీళ్లను కింది చిత్తడి నేలకు వదలండి, అవి కప్పలవీ పీతలవీ అడవిపందులవీ. అక్కడ నీలగిరి నాటొద్దు, మళ్లకోసం కాలువ తీసి ఆరబెట్టొద్దు. పశువుల తొట్టి ఇంకా దిగువన, చిత్తడి దాటాక ఉండాలి. జంతువులు తాగే గుంటకు ఒక వైపు ఏటవాలుగా రాళ్లు పరచండి, అందులో పడిన జంతువుల పిల్లలు ఎక్కి రావడానికి.