ముందు కవర్ ఫోటో తీయండి: హైదరాబాద్‌కి కొత్తగా వచ్చి ఎక్స్‌టెండెడ్ ఎస్సే రాయబోతున్నవాళ్ళకి

ఈ జూన్‌లో న్యూజెర్సీ నుంచి దిగిన మా పిన్ని కొడుకు మొన్న ఆదివారం రాత్రి లాప్‌టాప్ ముందు బిక్కమొహం వేసుకుని కూర్చున్నాడు. ఐబీ డిప్లొమాలో (ఇంటర్నేషనల్ బాకలారియేట్ వాళ్ళ 11, 12 తరగతుల కోర్సు) సొంతంగా పరిశోధించి రాయాల్సిన పెద్ద వ్యాసమే ఎక్స్‌టెండెడ్ ఎస్సే. దాని టాపిక్ ఏంట్రా అంటే "భారతదేశంలో నీటి సమస్య" అన్నాడు. అంత దేశాన్ని 4000 పదాల్లో! నవ్వూ వచ్చింది, కోపమూ వచ్చింది. నేను మస్కట్ నుంచి పదకొండో తరగతికి ఇక్కడికి వచ్చినప్పుడు పెట్టుకున్న టాపిక్ ఇంకా ఘనం, "నిజాంల కాలంలో హైదరాబాద్".

ఐబీ డిప్లొమా సంగతులేంటో, ఏ సబ్జెక్టులో రాయాలో స్కూల్లో చెప్తారు, అది నేను చెప్పను. ప్రశ్న మాత్రం అరచేతిలో పట్టేంత ఉండాలి. నీటి గురించే రాయాలనుంటే 1908 సెప్టెంబరు 28న వచ్చిన మూసీ వరద తీసుకో. ఆ వరద తర్వాత ఇంజనీర్ విశ్వేశ్వరయ్యని పిలిపించారు, 1920లో ఉస్మాన్‌సాగర్ జలాశయం పూర్తయింది, 1927లో హిమాయత్‌సాగర్. వరద భయంతో కట్టారా, ఊరికి తాగునీళ్ళ కోసం కట్టారా, దేని పాలు ఎంత? ఇదీ ప్రశ్నంటే. హిస్టరీలో రాసేవాళ్ళు గత పదేళ్ళలో జరిగినవాటి జోలికి వెళ్ళకూడదు, అది కూడా గుర్తుంచుకో.

ఇక అసలు సంగతి. మీరు వచ్చిన చోట అన్నీ స్కూలు లైబ్రరీ లాగిన్‌లోనే దొరికి ఉంటాయి, ఇక్కడ పాత హైదరాబాద్ గురించి వెతికితే చాలావరకు దొరకవు. గూగుల్‌లో లేదంటే లోకంలో లేదని కాదు నాయనా, అఫ్జల్‌గంజ్‌లో ఉందేమో చూడాలి. అక్కడి స్టేట్ సెంట్రల్ లైబ్రరీ 1891లో అసఫియా లైబ్రరీగా మొదలైంది. హైటెక్ సిటీ వైపు ఉన్నవాళ్ళు మెట్రోలో అమీర్‌పేట్‌లో మారి ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్‌లో దిగి ఆటో ఎక్కితే సరి. తార్నాకలో స్టేట్ ఆర్కైవ్స్ ఉంది, దానికి మాత్రం స్కూలు నుంచి లెటర్ తీసుకునే వెళ్ళండి, ఉత్త చేతులతో వెళ్తే రోజు దండగ.

నేను ఆ లైబ్రరీలో ఒక మధ్యాహ్నమంతా కూర్చుని ఫోన్‌లో అరవైకి పైగా పేజీలు ఫోటో తీసుకుని గొప్పగా ఇంటికొచ్చా. పేజీలే తీశా. కవర్ తీయలేదు. రెండు నెలల తర్వాత రాయడానికి కూర్చుంటే ఏ పేజీ ఏ పుస్తకంలోదో తెలీదు, కొన్నిటికి పేజీ నంబరు కూడా ఫోటోలో పడలేదు. నా వ్యాసానికే ఆయువుపట్టు లాంటి లెక్క ఒకటి అందులోనే ఉంది, ఎక్కడిదో చెప్పలేక తీసేయాల్సి వచ్చింది. అందుకని పుస్తకం తెరవగానే కవర్ ఫోటో, లోపలి టైటిల్ పేజీ ఫోటో, ఆ తర్వాతే చదవడం. చిన్న నోట్‌బుక్‌లో తేదీ, పుస్తకం పేరు, పేజీ, ఎందుకు నచ్చిందో ఒక్క ముక్క. వెబ్‌సైట్ అయితే చూసిన తేదీ కూడా. తెలుగు చదవడం రాక తాతయ్యతో పాత వ్యాసం చదివించుకున్నారా, అదీ రాయండి. నన్ను మేడమ్ "ఈ అనువాదం ఎవరిది?" అని అడిగితే నోట మాట రాలేదు. ఏఐ వాడితే అదీ చెప్పాలి. ఇది చాదస్తం అనుకుంటే మీ ఇష్టం, కాపీ అని తేలితే ఎస్సేకి గ్రేడే ఉండదు, గ్రేడ్ లేకపోతే డిప్లొమా లేదు.

డబ్బులిస్తే రాసిపెడతామనేవాళ్ళు కూడా ఈ ఊళ్ళో తగులుతారు. అమ్మానాన్నలు టెన్షన్‌లో ఊ అంటారేమో, మీరు అనకండి. చివర్లో వైవా వోచే ఉంటుంది, ఆ ప్రశ్న ఎందుకు ఎంచుకున్నావు, ఎక్కడ దారి మార్చుకున్నావు అని సూపర్‌వైజర్ (మీ ఎస్సేకి దారి చూపే టీచర్) ఎదురుగా కూర్చోబెట్టి అడుగుతారు. ఇంకోటి, సూపర్‌వైజర్ పూర్తి డ్రాఫ్టు మీద వ్యాఖ్యలు రాసిచ్చేది ఒక్కసారే. సగం ఉడికింది ఇచ్చి ఆ అవకాశం పోగొట్టుకోకండి. 4000 దాటిన పదాలు పరీక్షకులు చదవరు, కాబట్టి అసలు మాట ఆఖరి పేరాలో దాచుకోవద్దు.

సరే, ఇంత భయపెట్టాను కాబట్టి ఇదీ చెప్పాలి. మొత్తం పని సుమారు నలభై గంటలదని ఐబీయే అంటుంది. థియరీ ఆఫ్ నాలెడ్జ్‌తో (డిప్లొమాలో అందరూ చదవాల్సిన ఇంకో కోర్సు) కలిపి దీనికి వచ్చేది డిప్లొమా మొత్తం 45 పాయింట్లలో మహా అయితే 3. అన్నిటికంటే కింద ఉండే 'E' గ్రేడ్ రాకుండా చూసుకుంటే చాలు, కొంపేం మునగదు. ఆ లెక్క తీసేసిన తర్వాత కూడా నాకు 'B' గ్రేడ్ వచ్చింది.

మావాడు శనివారం అఫ్జల్‌గంజ్ వెళ్తాడట. ఒక్కడే వెళ్తే కవర్ తీయడం మర్చిపోతాడని నేనూ వెళ్తున్నా.