విజిల్స్ మీద విజిల్స్ వస్తున్నా శనగలు ఉడకట్లేదా?

అద్దె ఫ్లాట్ మారిన ఏడాది శ్రావణ మాసంలో, వాయనాల్లో వచ్చిన శనగలతో గుగ్గిళ్ళు చేద్దామని కుక్కర్ పెట్టాను. ఆరు విజిల్స్ వచ్చాక మూత తీసి ఒక గింజ నొక్కితే నలగలేదు. ఇంకో ఆరు పెట్టినా అదే తీరు. వాయనం శనగలు కాబట్టి నానలేదని అనడానికీ లేదు. అమ్మకు ఫోన్ చేస్తే శనగల సంగతి అడగనే లేదు. "అక్కడ మీకు ఏం నీళ్ళు వస్తాయే?" అంది. బోరు నీళ్ళు.

అప్పటి నుంచి నేను విజిల్స్ పెంచే ముందు గింజను చూస్తున్నాను. జబ్బు ఏదో గింజే చెబుతుంది.

బాగా నాని ఉబ్బాయి, కానీ ఎంతసేపు ఉడికించినా గట్టిగానే ఉన్నాయి

మన ఊళ్ళలో ముందుగా అనుమానించాల్సింది నీళ్ళనే. గింజలోని కణాలను పెక్టిన్ అనే బంకలాంటి పదార్థం అతికించి ఉంచుతుంది. వేడికి అది కరిగితేనే గింజ మెత్తబడుతుంది. బోరు నీళ్ళలో ఎక్కువగా ఉండే కాల్షియం, మెగ్నీషియం ఆ బంకను కరగనివ్వకుండా బిగిస్తాయి. కుళాయి మూతి దగ్గర, నీళ్ళు కాచే గిన్నె అడుగున తెల్లగా సున్నంలా పేరుకుంటోందంటే మీవీ అలాంటి నీళ్ళే. 'ఈ బావి నీళ్ళలో పప్పు ఉడకదు' అని పెద్దవాళ్ళు అనేది దీని గురించే.

నమ్మకం కుదరకపోతే ఒకే ప్యాకెట్‌లోని శనగలు చెరో గుప్పెడు తీసి, ఒకటి బోరు నీళ్ళలో, ఇంకోటి తాగే క్యాన్ నీళ్ళలో నానబెట్టి, రెండు చిన్న గిన్నెల్లో ఒకే కుక్కర్‌లో పెట్టండి. తేడా వేళ్ళకే తెలుస్తుంది.

పరిష్కారం: నానబెట్టడానికీ, ఉడికించడానికీ రెండిటికీ క్యాన్ నీళ్ళు గానీ ఆర్వో ప్యూరిఫయర్ నీళ్ళు గానీ వాడాలి. నేను మొదట్లో నానబెట్టడానికి బోరు నీళ్ళే వాడేదాన్ని, సగం ఫలితమే వచ్చేది. మంచి నీళ్ళు దొరకనప్పుడు తినే సోడా ఉంది. పావు కిలో శనగలకు పావు టీస్పూను మించొద్దు. ఎక్కువైతే సబ్బు రుచి వస్తుంది, పొట్టు ఊడి ముద్దవుతుంది, బి1 విటమిన్ కూడా పోతుంది.

ఉప్పు ముందే వేస్తే ఉడకవని చాలామంది అంటారు. నా అనుభవం దీనికి పూర్తిగా ఉల్టా. నానబెట్టే నీళ్ళలో లీటరుకు ఒక టేబుల్‌స్పూను ఉప్పు కలిపితే, పొట్టులోని కాల్షియం స్థానంలోకి సోడియం చేరి పొట్టు మెత్తబడుతుంది. ఆ నీళ్ళు పారబోసి, గింజలు కడిగి ఉడికించండి.

సగం ఉడికి అక్కడే ఆగిపోయాయి

చింతపండు గానీ టమాటా గానీ ముందే వేసి ఉంటారు. పులుపు తగిలితే ఆ బంక మళ్ళీ మొండికేస్తుంది. కందిపప్పు చిన్న బద్ద కాబట్టి టమాటాతో కలిపి పెట్టినా ఎలాగో నెట్టుకొస్తుంది, శనగలు, రాజ్మా మాత్రం లొంగవు. ఉలవచారులో కూడా ఉలవలు పూర్తిగా ఉడికాకే చింతపండు పులుసు పోసేది.

బెల్లానిదీ ఇదే కథ. బొబ్బట్ల పూర్ణానికి శనగపప్పు వేళ్ళ మధ్య నలిగాకే బెల్లం వేయాలి. తొందరపడి వేశారా, ఆ పలుకు ఇక పలుకుగానే ఉంటుంది. దీనికి మాత్రం మిక్సీ ఒక్కటే దారి.

నీళ్ళు మంచివే, పులుపు వేయలేదు, అయినా ఉడకలేదు

అయితే సరుకు పాతది. వేడి, తేమ ఉన్న చోట నెలల తరబడి ఉన్న గింజలు మామూలుగానే నానతాయి గానీ మెత్తబడవు. రంగు మాసి, ముడతలు పడి ఉంటే కొట్లోనే అనుమానించండి. శనగ రబీ పంట, వేసవికి ముందే కొత్త సరుకు బజారుకొస్తుంది. డబ్బా అడుగున ఉన్న పాతవాటి మీదే కొత్తవి పోయకండి. రెండూ కలిస్తే కొన్ని ముద్దయ్యే లోపు కొన్ని రాళ్ళలా ఉంటాయి. పాతవి మిగిలితే నానబెట్టి రుబ్బి వడలు వేసుకోవడం మేలు.

నానబెట్టినా కొన్ని గింజలు ఉబ్బనే లేదు

వాటి పొట్టు నీటిని లోపలికి రానివ్వదు. ఏరి పారేయండి. మొత్తం గింజలూ అలాగే ఉంటే టైమ్ చాలలేదన్నమాట. శనగలకు, రాజ్మాకు 8 నుంచి 12 గంటలు పడుతుంది. రాత్రి మర్చిపోతే, రెండు నిమిషాలు మరిగించి, స్టవ్ ఆపి, మూత పెట్టి గంట వదిలేయండి.

విజిల్ సరిగ్గా రావట్లేదు

మూత చుట్టూ ఆవిరి పోతోంటే గ్యాస్కెట్ మార్చాలి. కుక్కర్ గొప్పతనమంతా లోపల వేడి 120 డిగ్రీల దాకా వెళ్ళడంలోనే ఉంది, ఆవిరి కారిపోతే అది మామూలు గిన్నే. విజిల్స్ లెక్క కూడా నమ్మకండి, పెద్ద మంట మీద అవి ఊరికే వచ్చేస్తాయి. మొదటి విజిల్ వచ్చాక మంట తగ్గించి, నానిన శనగలకు 20 నిమిషాలు గడియారం చూసి పెట్టండి.

రాజ్మా కొంచెం పలుకుగా ఉంది, తినేయొచ్చా?

వద్దు. సరిగ్గా ఉడకని రాజ్మాలోని లెక్టిన్ అనే విషపదార్థం వల్ల వాంతులు, విరేచనాలు అవుతాయి. అమెరికాలో ఉన్నవాళ్ళు స్లో కుక్కర్‌లో నేరుగా వేసి ఆఫీసుకు వెళ్ళిపోతుంటారు. ఆ సన్న వేడికి లెక్టిన్ పోదు. నానబెట్టిన నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళలో అరగంట తెర్లేలా మరిగించాకే స్లో కుక్కర్‌లో వేయాలి. మామూలు ప్రెషర్ కుక్కర్‌లో మెత్తగా ఉడికితే ఈ భయం లేదు.