సెమిస్టర్ పరీక్షలకు ముందు జాగ్రత్తలు

- హాల్ టికెట్‌లో పేరు, సబ్జెక్టు కోడ్‌లు ఈరోజే సరిచూసుకోండి.

- చదివిన పేజీనే పదిసార్లు చదివితే వచ్చేసినట్టే ఉంటుంది, హాల్లోకి వెళ్తే గానీ తెలీదు. పుస్తకం మూసి, గుర్తున్నంతా తెల్లకాగితం మీద రాయండి. ఎక్కడ ఆగిపోయారో అక్కడే మళ్లీ చదవాలి. మర్నాడోసారి, మూడు రోజులకోసారి, వారానికోసారి ఇలాగే రాసి చూడండి. మరపు మొదట్లోనే ఎక్కువని జర్మన్ మనస్తత్వవేత్త ఎబ్బింగ్‌హాస్ 1885లోనే చూపించాడు.

- పాత ప్రశ్నపత్రం ఒక్కటైనా గడియారం పెట్టుకుని రాయండి.

- ఫోన్ పక్కగదిలో. సైలెంట్‌లో పెట్టానంటే నేను నమ్మను.

- నిద్ర మానొద్దు. తెల్లవార్లూ చదివి, తెలిసిన జవాబే తారుమారు చేసొచ్చాను ఒకసారి.

- పాలకొండ, ఆమదాలవలస నుంచి శ్రీకాకుళం వచ్చి రాసేవాళ్లు ఒక బస్సు ముందుదే ఎక్కండి.