చీకటి భయం పోగొట్టిన రాత్రి కథలు

మా పాపకు నాలుగేళ్లు నిండాక చీకటంటే భయం మొదలైంది. కరెంటు పోతే చాలు, ఏడుపే. మూడు నుంచి ఆరేళ్ల వయసులో ఊహ బాగా పెరుగుతుంది, కానీ ఊహకూ నిజానికీ తేడా పూర్తిగా తెలియదు. అందుకే "అక్కడ ఏమీ లేదు, పడుకో" అంటే తగ్గదు.

ముందు ఇంట్లో అందరికీ ఒకటే చెప్పాను: అన్నం తినకపోతే బూచాడు వస్తాడని ఎవరూ అనొద్దు. అమ్మమ్మ కూడా.

తర్వాత కథలు. రాక్షసుల కథలు కావు, రాత్రిపూట మేలుకుని ఉండేవాటి కథలు. పారిజాతం రాత్రి పూసి తెల్లారేసరికి రాలుతుంది. గుడ్లగూబ పొలంలో ఎలుకల్ని పట్టి రైతుకు మేలు చేస్తుంది. మిణుగురు తన వెలుగుతో తోడును పిలుస్తుంది. ప్రతి కథలోనూ వాటికి సాయం చేసేది మా పాపే! గోడమీద బల్లి అరిచినా, ఫ్యాన్ కిర్రుమన్నా ఆ చప్పుడును కథలోకి లాగేదాన్ని. ఏ చప్పుడు ఎక్కడిదో తెలిశాక సగం టెన్షన్ పోయింది.

లైటు ఒక్కసారిగా ఆర్పేయలేదు. మొదట బెడ్‌లైటు, తర్వాత ఓరగా తెరిచిన తలుపులోంచి హాల్లో వెలుతురు. కన్ను చీకటికి బాగా అలవాటు పడటానికి 20–30 నిమిషాలు పడుతుంది. కథ మధ్యలో ఆగి "ఇప్పుడు బీరువా కనిపిస్తోందా? మరి కిటికీ?" అని అడిగేదాన్ని. ఈ ఆట తనకు ఎంత నచ్చిందో!

ఇప్పుడు కథలు తనే చెబుతోంది. మీ పిల్లలకు వారాల తరబడి నిద్రే పట్టకపోయినా, పగలు కూడా ఒంటరిగా ఉండలేకపోయినా పిల్లల డాక్టరుకు చూపించండి.